పట్టాల మీద కరెంటు, 6వ పాఠం: వెళ్ళిన ఆంపియర్లు తిరిగొచ్చే దారి

ముందు నా తప్పు చెప్పేస్తాను. 5వ పాఠం బొమ్మలో సబ్‌స్టేషన్ మైనస్ కొస కింద ఎర్త్ గుర్తు గీశాను. అది అక్కడ ఉండకూడదు. నేను ఉద్యోగం చేసినంత కాలం చూసినవి 25 వేల ఓల్టుల ఏసీ లైన్లు. అక్కడ పట్టాల్నీ స్తంభాల్నీ ఎర్త్‌తో కలిపి ఉంచడం మామూలు. చెయ్యి ఆ అలవాటుకొద్దీ గీసేసింది, నేను చూసుకోలేదు. మూడో పట్టా పద్ధతిలో, అంటే చక్రాల పట్టాల పక్కనే ఇంకో పట్టా వేసి దాని మీదుగా రైలుకి 750 ఓల్టుల డీసీ ఇచ్చే పద్ధతిలో, అలా నేరుగా కలపరు. ఎందుకు కలపరో కింద వస్తుంది. ఈలోగా మీ నోట్సులో ఆ గుర్తు మీద అడ్డంగా గీత కొట్టండి.

ఆ ఒక్క గుర్తు చేసిన నష్టం చిన్నది కాదు. రైలుకి ఎంత ఓల్టేజీ అందుతుందని పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకి వచ్చిన జవాబుల్లో చాలా వరకు ఒకే చోట తప్పాయి. కరెంటు సబ్‌స్టేషన్‌లో బయల్దేరింది, మూడో పట్టా మీదుగా షూలోకి (రైలుకి తగిలించి, ఆ పట్టాని రాసుకుంటూ పోయే లోహపు ముక్క) ఎక్కింది, మోటార్లు తిప్పింది, భూమిలోకి దిగిపోయింది అని రాసి అక్కడితో లెక్క ముగించారు. ఒకరైతే "మిగిలిన కరెంటు భూమిలో కలుస్తుంది" అని రాశారు. మిగిలిన కరెంటు! ఆ మాట చదివాక ఈ వారం చెబుదామనుకున్న షూ రకాలు, చలిదేశాల్లో పట్టా మీద మంచు పేరుకునే గొడవ అన్నీ పక్కన పెట్టేశాను. ఈ ఒక్కటీ తేలకుండా ముందుకెళితే మీకూ సుఖం లేదు, నాకూ లేదు.

లెక్క మళ్ళీ ఇస్తున్నాను. సబ్‌స్టేషన్ దగ్గర 750 ఓల్టులు. రైలు అక్కణ్ణుంచి 1.5 కిలోమీటర్ల దూరంలో ఉండి 2000 ఆంపియర్లు లాగుతోంది. మూడో పట్టా ఉక్కుది, కిలోమీటరుకి 20 మిల్లీఓములు. చక్రాల పట్టాలు రెండూ కలిసి కిలోమీటరుకి 15 మిల్లీఓములు. చేతి లెక్కకి వీలుగా సర్దిన అంకెలివి. నిజంలో పట్టా బరువుని బట్టీ అరుగుదలని బట్టీ మారతాయి. రైలుకి దక్కే ఓల్టేజీ ఎంత?

ఎక్కువమంది 690 అన్నారు. కాదు, 645. ఆ తేడా 45 ఓల్టులు ఎక్కడ దాక్కున్నాయన్నదే ఈ పాఠం.

"కరెంటు" అనే మాటతో వచ్చిన తంటా

నేరం పూర్తిగా మీది కాదు, మన భాషది కూడా. తెలుగులో కరెంటు అంటే అన్నీ. సప్లై ఆగితే కరెంటు పోయింది అంటాం. షాక్ కొడితే కరెంటు కొట్టింది అంటాం. యూనిట్లకి కట్టే డబ్బు కరెంటు బిల్లు. పాత ఫ్రిజ్ కరెంటు తాగేస్తోంది అంటాం. తాగేసేది ఏదైనా అయిపోతుంది కదా, కాబట్టి మోటారు కూడా కరెంటుని తాగేసి, అడుగున మిగిలినదాన్ని కింద పారబోస్తుందని మనసులో ఒక బొమ్మ పడిపోయింది. ఆ బొమ్మే మిమ్మల్ని ముంచింది.

ఈ పాఠాల్లో ఇకనుంచి ఒక కట్టుబాటు పెట్టుకుందాం. ప్రవాహం గురించి మాట్లాడేటప్పుడు "ఆంపియర్లు" అనే అంటాను. ఖర్చయ్యేదాని గురించి అయితే "కిలోవాట్లు", "యూనిట్లు". కరెంటు అనే మాట ఇంటి కబుర్లకి వదిలేద్దాం.

ఆంపియర్లు ఖర్చు కావు. ఎన్ని వెళ్ళాయో అన్నీ తిరిగి రావాలి. ఒక్కటి తగ్గినా ఎక్కడో కారుతోందని అర్థం.

నమ్మకం కుదరకపోతే సైకిలు చైను చూడండి. పెడల్ తొక్కితే పైవైపు చైను బిగుతుగా వెనక చక్రం నుంచి పెడల్ వైపు సాగుతుంది, కిందివైపు వదులుగా చక్రం దగ్గరికి తిరిగి వస్తుంది. వెనక చక్రం లింకుల్ని తినేస్తుందా? నిమిషానికి పైనుంచి ఎన్ని లింకులు వెళ్ళాయో కిందనుంచి అన్నే వస్తాయి. మీ కాలి బలం మాత్రం చక్రానికి చేరిపోయింది. లింకులు ఆంపియర్లు, బిగువుకీ వదులుకీ మధ్య తేడా ఓల్టేజీ. కింది చైను తీసి పారేసి, వెళ్ళేది వెళ్ళింది కదా, తిరిగొచ్చేదానితో మనకేం పని అంటే సైకిలు నడుస్తుందా?

ఇంకా అనుమానమా? క్లాంప్ మీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్ ఎవరైనా మీకు తెలిసే ఉంటారు. ఇస్త్రీపెట్టె నడుస్తుండగా ఫేజ్ తీగని మాత్రం క్లాంప్ దవడల మధ్య పెట్టి చూపించమనండి. 4 చూపిస్తుందనుకోండి. తర్వాత న్యూట్రల్ తీగని మాత్రం. అదీ 4. ఇస్త్రీపెట్టె చెయ్యి కాలేంత వేడెక్కింది, మీటర్ బాక్సులో యూనిట్లు తిరిగాయి, న్యూట్రల్‌లో మాత్రం ఒక్క పిసరు తగ్గలేదు. ఇప్పుడు రెండు తీగల్నీ కలిపి దవడల మధ్య పెట్టండి. సున్నా. వెళ్ళేవీ వచ్చేవీ సరిసమానం కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. నేను ఏ కుర్రాడికి పని నేర్పినా మొదటిరోజు చూపించేది ఈ సున్నానే. విడి తీగలు దొరికేలా ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ పెట్టె ఇందుకోసమే చేసిపెట్టుకున్నాను. మీటర్ తిప్పి తిప్పి చూస్తారు, చెడిపోయిందేమోనని.

మీ ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే అది చేసే పని కూడా ఇదే. వెళ్ళినవీ వచ్చినవీ నిరంతరం పోల్చి చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే ఎవరి ఒంట్లోంచో తడిగోడలోంచో కారుతున్నట్టే లెక్క, టక్కున ఆపేస్తుంది. ఆంపియర్లు నిజంగా ఖర్చయ్యేవే అయితే మీరు ఫ్యాను వేసిన ప్రతిసారీ అది పడిపోవాలి.

పొలం ఉన్నవాళ్ళకి ఇంకో ఉదాహరణ. ట్రాన్స్‌ఫార్మర్‌కి అర కిలోమీటరు దూరాన సింగిల్ ఫేజ్ మోటారు ఉంది. లో ఓల్టేజీ. మోటారు మూలుగుతుంది తప్ప నీళ్ళు ఎక్కవు. తెలిసిన ఎలక్ట్రీషియన్ తీగ లెక్క కట్టేటప్పుడు అర కిలోమీటరు అనడు, కిలోమీటరు అంటాడు. పోను అర, రాను అర. రైలు లెక్కలో మీరు మర్చిపోయింది ఈ "రాను" సగాన్నే. దీని మీద ఇంకో రెండు పేజీలు రాయగలను గానీ వదిలేస్తున్నాను.

ఇప్పుడు లెక్క

ఓమ్ సూత్రం మళ్ళీ చెప్పను. నా అడ్డదారి ఒకటి మాత్రం చెబుతాను. ఆంపియర్లని వేలల్లో, నిరోధాన్ని మిల్లీఓముల్లో పెట్టుకుంటే సున్నాలతో కుస్తీ ఉండదు. రెండూ గుణిస్తే నేరుగా ఓల్టులే వస్తాయి. 2000 ఆంపియర్లు అంటే 2. అంతే.

మూడో పట్టా: 1.5 కిలోమీటర్లకి 30 మిల్లీఓములు. 2 × 30 = 60 ఓల్టులు తరుగు.

తిరుగుదారి, అంటే చక్రాల పట్టాలు: 1.5 కిలోమీటర్లకి 22.5 మిల్లీఓములు. 2 × 22.5 = 45 ఓల్టులు.

మొత్తం 105. 750లోంచి తీసేస్తే 645.

కొందరు చక్రాల పట్టాలు రెండున్నాయి కదా అని తిరుగుదారిని మళ్ళీ రెండుతో భాగించారు. లెక్కలో "రెండూ కలిసి" అని రాశాను. ప్రశ్న నిదానంగా చదవండి.

సబ్‌స్టేషన్ ఇచ్చింది 750 × 2000, అంటే 1500 కిలోవాట్లు. రైలుకి అందింది 645 × 2000, అంటే 1290. తేడా 210 కిలోవాట్లు పట్టాల్ని వేడిచెయ్యడానికి పోయాయి. ఖర్చయింది ఇదీ. ఆంపియర్లు 2000 వెళ్ళాయి, 2000 వచ్చాయి. 750 ఓల్టుల పద్ధతిలో రైలు దగ్గర ఓల్టేజీ 500కి పడిపోయినా 900కి పెరిగినా తట్టుకునేలా పరికరాలు తయారుచేస్తారు కాబట్టి 645కి ఎవరూ కంగారుపడరు.

ఇదే లెక్కలో ఉక్కు పట్టా తీసేసి కొత్తరకం పట్టా పెట్టి చూడండి. బెంగుళూరు మెట్రోలో వేసింది అల్యూమినియం పట్టా. షూ రుద్దుకునే ముఖం వరకు పలుచటి స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగు ఉంటుంది, అల్యూమినియం మెత్తన కాబట్టి అరిగిపోకుండా. ఇలాంటిదానికి కిలోమీటరుకి 7 మిల్లీఓములు వేసుకోవచ్చు. మూడో పట్టాలో తరుగు 60 నుంచి 21కి దిగింది. తిరుగుదారి మాత్రం 45 దగ్గరే కూర్చుంది. మీరు లెక్కలో వదిలేసిన ముక్క ఇప్పుడు పెట్టుకున్న ముక్కకి రెట్టింపు కన్నా ఎక్కువైంది! కోల్‌కతా మెట్రో 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా మొదలైనప్పుడు వేసినవి ఉక్కు పట్టాలు. వాటి స్థానంలో అల్యూమినియం పట్టాలు వేసే పని ఈమధ్య చేపట్టారు. తరుగులో ఎంత మిగులుతుందో మీరే కట్టగలరు.

ఎర్త్ గుర్తు ఎందుకు కొట్టేయమన్నాను

పల్లెల్లో ఒక దొంగ ఉపాయం ఉంది. న్యూట్రల్ తెగిపోతే నేలలో ఒక ఇనపకడ్డీ దింపి దానికి తీగ చుట్టి బల్బు వెలిగించుకుంటారు. బల్బు కాస్త మసగ్గా వెలుగుతుంది. వాన పడ్డ రోజు ఆ కడ్డీ పక్కన కట్టేసిన గేదె ఎగిరి గంతేస్తుంది. భూమి తీగలాగా పనిచేస్తుంది, కానీ తీగలాగా గట్టు దాటకుండా ఉండదు. ఎటు సులువైతే అటు పోతుంది.

రైలు దగ్గరా అంతే. లెక్కలో తిరుగుదారిలో 45 ఓల్టులు తరుగు వచ్చింది కదా. అంటే రైలు కింద ఉన్న చక్రాల పట్టా, సబ్‌స్టేషన్ దగ్గరి పట్టా కన్నా 45 ఓల్టులు ఎత్తులో ఉంది. నేను తప్పుగా గీసినట్టు సబ్‌స్టేషన్ కొసని ఎర్త్‌కి కట్టేస్తే అక్కడ సున్నా, రైలు దగ్గర నేలకన్నా 45 ఎక్కువ. ఆ 45 ఓల్టులూ ఆంపియర్లని నేలలోకి తోస్తాయి. ఎర్త్‌కి కట్టకుండా, స్లీపర్ల మీద రబ్బరు ప్యాడ్లు, ఇన్సులేషన్ పెట్టి పట్టాల్ని నేలనుంచి విడిగా ఉంచితే, పట్టా తక్కెడ కాడలాగా సర్దుకుంటుంది. రైలు దగ్గర నేలకన్నా సుమారు 22 ఓల్టులు పైకి, సబ్‌స్టేషన్ దగ్గర అంతే కిందికి. తోపు సగమైంది. పైగా కారినవి సబ్‌స్టేషన్‌లోకి తిరిగి రావాలన్నా మళ్ళీ ఇన్సులేషన్ దాటాల్సిందే. అందుకని ఎర్త్ కట్టరు.

కారితే ఏమవుతుంది? దారి తప్పిన ఆంపియర్లు దగ్గర్లోని నీళ్ళ పైపులోకో, కాంక్రీటులోని ఇనపచువ్వల్లోకో ఎక్కి, సబ్‌స్టేషన్ దగ్గర పడ్డాక మళ్ళీ మట్టిలోకి దిగి పట్టాని చేరతాయి. లోహం వదిలి తడిమట్టిలోకి దిగేచోట ఇనుము కరుగుతుంది. డీసీ ఆంపియర్ ఒకే ఒక్కటి ఏడాది పొడుగునా అలా దిగుతూ ఉంటే సుమారు 9 కిలోల ఇనుము పోతుంది. మనం వాడుతున్నది 2000 ఆంపియర్లు. అందులో వెయ్యోవంతు కారినా ఏడాదికి 18 కిలోలు. పైపుకి బొక్క పడేది రైలు దగ్గర కాదు, సబ్‌స్టేషన్ దగ్గర. ఎక్కేచోట ఏమీ కాదు, దిగేచోట తినేస్తుంది. ఇది పరీక్షల్లో తిరగేసి అడుగుతారు, జాగ్రత్త.

ఈ బెడద ఎంత దూరం తీసుకెళ్ళగలదో చూడాలంటే లండన్ భూగర్భ రైలు చూడాలి. అక్కడ 1890లో సిటీ అండ్ సౌత్ లండన్ రైల్వే మూడో పట్టాతోనే మొదలైంది, 500 ఓల్టులతో. తర్వాత విద్యుత్ పెట్టిన మార్గాల్లో తిరుగుదారికి కూడా వేరే పట్టా వేసేశారు. చక్రాల పట్టాలు రెండు, బయటివైపు ప్లస్ పట్టా, నడిమధ్య మైనస్ పట్టా, మొత్తం నాలుగు. సొరంగాల గోడలు పోత ఇనుముతో కట్టినవి, పక్కనే పైపులు. చక్రాల పట్టాల్ని నమ్ముకుంటే అన్నిటినీ కారుడు తినేస్తుందని ఆ ఖర్చు పెట్టుకున్నారు.

అక్కడ పాత లెక్క ప్రకారం బయటి పట్టా ప్లస్ 420, మధ్య పట్టా మైనస్ 210. మైనస్ అనగానే 420లోంచి 210 తీసేసి రైలుకి 210 ఓల్టులు అందుతాయి అనకండి. ఇంటి డాబా నేలమట్టానికి 420 అడుగుల పైన ఉంది, బావిలో నీళ్ళు 210 అడుగుల లోతున ఉన్నాయి అనుకోండి. డాబా మీద నిలబడి నీళ్ళు తోడాలంటే చేంతాడు ఎంత ఉండాలి? 630. రైలుకి అందేదీ 630 ఓల్టులే. కొన్ని మార్గాల్లో ఇప్పుడు దీన్ని 750కి పెంచారు.

రెండు వైపుల నుంచి సప్లై

అసలు ఈ పాఠం పేరు ఇదే అవ్వాల్సింది. ఒక్క సబ్‌స్టేషన్ మీద నడపడం అరుదు. ఏదైనా చెడిపోయినప్పుడు తప్ప, రైలుకి రెండు పక్కలా సబ్‌స్టేషన్లు ఉంటాయి, రెండూ ఇస్తాయి. ఏది ఎంత ఇస్తుందో కట్టడానికి సమీకరణాలు రాయకండి. కావడి గుర్తుతెచ్చుకోండి. ఇద్దరు ఒక కర్రకి నీళ్ళ బిందె వేలాడదీసి మోస్తున్నారు. బిందె ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ళ భుజం మీద ఎక్కువ బరువు. నడిమధ్య ఉంటే చెరిసగం.

సబ్‌స్టేషన్ల మధ్య 3 కిలోమీటర్లు. రైలు ఎడమదానికి 1 కిలోమీటరు, కుడిదానికి 2 కిలోమీటర్ల దూరంలో ఉంది. అదే 2000 ఆంపియర్లు. ఎడమది మూడింట రెండు వంతులు మోస్తుంది, 1333. కుడిది మూడింట ఒకటి, 667. ఉక్కు పట్టా, తిరుగుదారి రెండూ కలిపి కిలోమీటరుకి 35 మిల్లీఓములు. ఎడమనుంచి తరుగు 1.333 × 35 = 46.7 ఓల్టులు. కుడినుంచి 0.667 × 70 = 46.7. రెండూ ఒకటే రావాలి, వచ్చాయి. రాకపోతే పంపకం తప్పు చేశారన్నమాట. ఈ సరిచూపు చెయ్యకుండా జవాబు పంపితే నేను చదవను.

రైలుకి 703 ఓల్టులు. నడిమధ్య ఉన్నా 697 తగ్గదు. ఇందాక ఒంటి సబ్‌స్టేషన్‌తో అదే 1.5 కిలోమీటర్ల దూరాన 645 వచ్చింది. సబ్‌స్టేషన్లు రెండు మూడు కిలోమీటర్లకొకటి ఎందుకు కడతారో దీన్నిబట్టే తెలుస్తుంది.

పాయింట్ల దగ్గర, అంటే రైలు ఒక దారినుంచి ఇంకో దారికి మళ్ళే చోట, మూడో పట్టా తెగిపోతుంది కదా, అప్పుడెలా అని అడిగినవాళ్ళకి ఒక్క మాట: పట్టా తెగుతుంది, సప్లై తెగదు. నేలకింద కేబుల్‌తో రెండు ముక్కల్నీ కలుపుతారు. రైలుకి ఒక్క షూ కాదు, పెట్టె పెట్టెకీ ఉంటాయి. ముందువి ఖాళీలో ఉన్నప్పుడు వెనకవి పట్టా మీదే ఉంటాయి. ఇంగ్లండు దక్షిణభాగంలో మూడో పట్టా మార్గాలకి రోడ్డు గేట్లు కూడా ఉన్నాయి. రోడ్డు వెడల్పు మేరకి పట్టా ఆపేసి, అవతలి గట్టున మళ్ళీ మొదలుపెడతారు. కొసలు వాలుగా చెక్కి ఉంటాయి, షూ జారుడుబల్ల మీదిలా ఎక్కేస్తుంది.

హైదరాబాదు వాళ్ళకి

మా మెట్రోలో మూడో పట్టా కనపడలేదు అని రాశారు. కనపడదు, లేదు కాబట్టి. 2017లో మొదలైన హైదరాబాదు మెట్రో పైతీగ మీద నడుస్తుంది, 25 వేల ఓల్టుల ఏసీ. చెన్నై కూడా అంతే. మూడో పట్టా చూడాలంటే బెంగుళూరు, కొచ్చి, కోల్‌కతా. మనవాళ్ళు బెంగుళూరులో బోలెడుమంది ఉన్నారు. ప్లాట్‌ఫాం మీద గీత వెనకే నిలబడి అవతలివైపు చూడండి. పట్టాలకి పక్కన, కాస్త ఎత్తులో, మూత కప్పి పొడుగ్గా సాగే కమ్మీ కనపడుతుంది. అదే. షూ దాన్ని కిందనుంచి పైకి నొక్కుతూ పోతుంది, అందుకే పైన మూత పెట్టగలిగారు.

25 వేల దగ్గర 750 ఎంత, అది పెద్దగా ఏం చెయ్యదు అని ఒకాయన రాశారు. దయచేసి ఈ మాట ఇంకెవరికీ చెప్పకండి. మన ఇంట్లో 230కే మనుషులు పోతున్నారు. 25 వేలది తల మీద ఎక్కడో ఉంటుంది, ఈ 750 కాళ్ళ దగ్గర ఉంటుంది. వెనకాల వేల ఆంపియర్లు ఇవ్వగల సబ్‌స్టేషన్ ఉంది. ఫోను పడిపోతే స్టేషన్ వాళ్ళకి చెప్పండి, దిగకండి. ఈ పాఠం కోసమని ఎవరూ ప్లాట్‌ఫాం దిగక్కర్లేదు, పట్టాల పక్కకి వెళ్ళక్కర్లేదు. కాగితం, పెన్సిలు చాలు.

తక్కువ ఓల్టేజీకి అసలు శిక్ష వేరే చోట పడుతుంది. మన 1290 కిలోవాట్లకి 25 వేల ఓల్టుల మీద సుమారు 52 ఆంపియర్లు చాలు. 750 దగ్గర అది వేలల్లోకి వెళ్ళింది. 1994లో లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి పారిస్ వైపు మొదలైన యూరోస్టార్ రైళ్ళు పైతీగ కింద 12 మెగావాట్ల దాకా లాగేవి. ఇంగ్లండులో మూడో పట్టా మీద మాత్రం 3.4 మెగావాట్లతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అవే మోటార్లు, అదే రైలు. 2007లో సెయింట్ పాంక్రస్‌కి మారి పూర్తిగా పైతీగ కిందికి వచ్చేదాకా షూలు మోసుకుంటూ తిరిగాయి. 12 మెగావాట్లూ 750 మీద లాగితే ఎన్ని ఆంపియర్లో కట్టి, అవి 1.5 కిలోమీటర్ల ఉక్కు పట్టాలో, తిరుగుదారిలో కలిపి ఎన్ని ఓల్టులు తినేస్తాయో చూడండి. జవాబు 750 కన్నా ఎక్కువ వస్తుంది. తప్పు చేశామని కొట్టేయకండి, అదే జవాబు. అంటే ఆ పని జరగదని.

అభ్యాసం

మర్చిపోయేవాణ్ణి. ఒక్కటే ఇస్తున్నాను, వారమంతా సరిపోతుంది.

సబ్‌స్టేషన్లు రెండు, మధ్య 3 కిలోమీటర్లు, రెండూ 750 ఓల్టులు. రానూపోనూ కలిపి కిలోమీటరుకి 35 మిల్లీఓములు. ఎడమనుంచి 1 కిలోమీటరు దగ్గర ఒక రైలు బయల్దేరుతూ 2000 ఆంపియర్లు లాగుతోంది. 2 కిలోమీటర్ల దగ్గర ఇంకో రైలు బ్రేకు వేస్తోంది. ఈకాలం రైళ్ళు బ్రేకు వేసేటప్పుడు మోటార్లు జనరేటర్లుగా మారి తిరిగి సప్లై ఇస్తాయని 3వ పాఠంలో చూశాం. అది 1200 ఆంపియర్లు పట్టాలోకి తోస్తోంది. ఒక్కో సబ్‌స్టేషన్ ఎంత ఇస్తోంది? ఒక్కో రైలు దగ్గర ఓల్టేజీ ఎంత?

ముందు కావడి పద్ధతిలోనే చెయ్యండి. లాగే రైలుని కిందికి లాగే బిందెగా, ఇచ్చే రైలుని కర్రని పైకెత్తే చెయ్యిగా అనుకోండి. చేస్తే కుడి సబ్‌స్టేషన్‌కి మైనస్ 133 ఆంపియర్లు వస్తాయి. అక్కడ ఆగండి. సబ్‌స్టేషన్‌లో ఉన్నది ఏసీని డీసీగా మార్చే డయోడ్ల రెక్టిఫైయర్. అది ఇవ్వగలదు, పుచ్చుకోలేదు. కాబట్టి ఆ మైనస్ 133 జరగదు. కుడిది పక్కకి తప్పుకున్నట్టు లెక్క మొదటినుంచి మళ్ళీ కట్టండి. చివర్లో బ్రేకు వేస్తున్న రైలు దగ్గర 750 కన్నా ఎక్కువ ఓల్టులు రావాలి. రాకపోతే, లెక్క మళ్ళీ సరిచూసుకుని అప్పుడు పంపండి.